చెదలు ఏ దిక్కు నుంచి వచ్చాయి

మేడ్చల్,
16 జూన్ 2025

బాపూ,

నిన్న ఫోన్ చేస్తే "ఏందీ, ఏందీ" అని మూడుసార్లు అని, "ఆఁ, మంచిగనే ఉన్న" అని పెట్టేశావు. నేను అడిగింది నీ ఆరోగ్యం గురించి కాదు, మన తలుపు చట్రం గురించి. బోరుబండి పని నీ చెవులు తినేశాక మనిద్దరికీ ఇక ఈ కాగితాలే గతి. మన్నాన్ చిచ్చా తెల్లారి అలియాబాద్ నుంచి తెచ్చిన కూరగాయలు ఇక్కడి బజార్లో దించేసి తిరిగి వస్తాడు కదా, ఆయన ఖాళీ ట్రేలలో ఇది పెట్టి పంపిస్తున్నాను.

శుక్రవారం మొదటి వాన పడింది. పొద్దుగూకే వేళ మన వెనక వైపు, పక్క ఫ్లాటు జహేదా ఆంటీ వాళ్ల కిటికీ కింద, నేలలోంచి ఉసుళ్లు లేచాయి. అన్ని ఉసుళ్లను నేను ఎప్పుడూ చూడలేదు. లైట్ల చుట్టూ, లిఫ్ట్ లోపల, మెట్ల మీద అవే. పై అంతస్తుల వాళ్లంతా కిటికీలు మూసుకుంటుంటే అవ్వ మాత్రం ఒక్క ఉరుకు ఉరికి, వెడల్పు బేసిన్‌లో నీళ్లు పోసి లైటు కింద పెట్టింది. అసోసియేషన్ ప్రెసిడెంట్ ప్రతాప్ సార్ మూడో అంతస్తు నుంచి దిగి వచ్చి, "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"వేంచుకుంట సారూ. ఇన్ని బియ్యం ఏసి వేంచితె మస్తుంటయి. నీకు గూడ ఒక గిన్నె పంపాల్నా?"

సార్ మళ్లీ లిఫ్ట్ కోసం ఆగలేదు. మెట్ల మీదే పైకి పోయారు.

రెక్కలు చెరుగుతూ అవ్వ ఒక మాట చెప్పింది. "ఉసుళ్లు లేసినకాడ కింద సెదల పుట్ట ఉంటది బిడ్డా. రెక్కలొస్తె ఉసుళ్లు, రెక్కల్లేకుంటె సెద." బాపూ, ఇది నీకు తెలుసా? ఇరవై రెండేళ్లుగా నేను ఒకదాన్ని తింటున్నాను, ఇంకోదాన్ని చెప్పుతో నలుపుతున్నాను. రెండూ ఒకటేనని ఏ పాఠంలోనూ రాలేదు.

ఆ మాట విన్నాక అనుమానం వచ్చి తలుపు చట్రాన్ని వేలితో నొక్కి చూశాను. వేలు లోపలికి పోయింది! పైన రంగు అలాగే ఉంది, లోపల కాగితాల దొంతరలా పొరలు పొరలుగా ఉంది. మనకూ జహేదా ఆంటీకీ మధ్య గోడ మీద పెన్సిల్ లావున మట్టి దారి ఒకటి కనిపించింది. వెంటనే అసోసియేషన్‌కు దరఖాస్తు రాశాను. "చెదల దారి 002 ఫ్లాట్ వైపు గోడ నుంచి వస్తున్నది" అని కనిపించింది కనిపించినట్టే రాశాను. ప్రతాప్ సార్ చదివి, "నీ చేతిరాత అచ్చు వేసినట్టుందమ్మా" అన్నారు. మన ఇంట్లో దరఖాస్తు రాసిన మొదటిదాన్ని నేనే కదా, కొంచెం గర్వంగా అనిపించింది.

అవ్వ నిన్ను పొద్దటి పూట ఇంత అంబలి తాగమంది.

నీ బిడ్డ
నయన

———

అలియాబాద్
19 జూన్

నయన బిడ్డకు,

చిట్టి వచ్చింది. మన్నాన్ ట్రే అడుగుకు పెట్టిండు, సగం టమాట రసం అయింది. అయినా సదివిన. నువ్వు ఆరో తరగతిల ఉన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పినప్పుడు నేను తిట్టిన గదా, గిప్పుడు దండం పెడుతున్న.

బీరతీగ పందిరెక్కింది. బంతి నారు పోసిన. కౌలు భూమే అయినా మన్ను మంచిది. అపార్టుమెంటుల మన్ను కనవడది, గందుకే నేను ఆడ ఉండలేను, నీకెర్కే.

సెదలకు గింత పరేషానేంది. మన్నున్నకాడ సెద ఉంటది. మందు కొట్టియ్యి, అయిపోతది. దరఖాస్తులు గిట్ల ఎందుకు.

ఒక్క ముచ్చట రాయి. ఉసుళ్లు ఏ కిటికి కింద లేసినయన్నవ్? మనదా, జహేదమ్మదా? ఏ మూలకు? గది రాయి.

మీ బాపు
అంజయ్య

———

మేడ్చల్,
27 జూన్ 2025

బాపూ,

నువ్వు అడిగినదానికి ముందు జవాబు: జహేదా ఆంటీ కిటికీ కింద పూలమడి ఉంది కదా, దాని పడమటి మూలకు. సరిగ్గా అక్కడే ఎందుకో నాకూ అర్థం కావట్లేదు.

ఇక అసలు సంగతి. అచ్చు వేసినట్టున్న నా చేతిరాత ఇప్పుడు ఒకరికి ఉరితాడైంది. నా దరఖాస్తును జిరాక్స్ తీసి, దానికి నోటీసు జతచేసి జహేదా ఆంటీకి ఇచ్చారు. ఆమె ఇంట్లో బట్టల మూటలు, అట్టపెట్టెలు, చెక్క కటింగ్ టేబుల్ పెట్టుకోవడం వల్లే చెదలు వచ్చాయట. జూలై ఆఖరులోగా ఇంట్లో కుట్టుపని ఆపేయాలి. మన ఫ్లాటుకు, ఆమె ఫ్లాటుకు మందు ఆమే కొట్టించాలి. అది చాలదన్నట్టు ఆ కాగితాన్ని లిఫ్ట్ పక్కన బోర్డు మీద అంటించారు.

వాళ్లాయన పోయాక ఆ ఇల్లు రెండు మిషన్ల మీదే నడుస్తోంది. కూతురు ఆఫ్షీన్ నర్సింగ్ చదువు కూడా వాటి మీదే. బజార్లో దుకాణం తీసుకునే స్తోమత ఆమెకు లేదు.

ఆమె నోటీసు పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చింది. నేను తల ఎత్తలేకపోయాను.

"బేటీ, గిది నీ రైటింగే గదా?"

"అవునాంటీ, కానీ నేను..."

"మస్తు ముద్దుగుంది. నా జాకెట్ల కొలతలు గూడ నేను గింత ముద్దుగ రాయను."

అంతే అంది బాపూ. తిట్టినా బాగుండేది. "ఒక్కసారి వచ్చి నా టేబుల్ చూడు" అని తీసుకుపోయింది. టేబుల్ పైన గుడ్డ పరిచి ఉంది. కింద చేయి పెడితే కాలు పొడిపొడిగా రాలింది. మన తలుపు కంటే ఎక్కువ తిన్నాయి. చెదలను పెంచేవాళ్లు తమ కూడు పెట్టే టేబుల్‌నే వాటికి వేస్తారా?

నేను రాసింది అబద్ధం కాదు. దారి ఆ గోడ మీదే ఉంది. కానీ దారి ఉందంటే ఎటు నుంచి ఎటు పోతుందో నాకు తెలిసినట్టా? అది తెలుసుకోకుండా "నుంచి" అని రాసేశాను.

అందుకే ఇప్పుడు రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, అసోసియేషన్ నియమావళి చదవడం. ముప్పై ఎనిమిది పేజీలు, అంతా ఇంగ్లీషు. ప్రతాప్ సార్‌ను అడిగితే, "అది రిజిస్ట్రేషన్ కోసం చేసిందమ్మా, చదవడానికి కాదు" అన్నారు! డిక్షనరీ పెట్టుకుని చదివాను. గోడ లోపలి పూత ఓనర్‌ది. బయటి గోడ, పునాది, నేల, పైపులు అసోసియేషన్‌వి. మరి గోడ మధ్యలో ఉన్న చెద ఎవరిది? ఆ ముప్పై ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు.

రెండోది అవ్వ నేర్పింది. మట్టి దారిని నడిమధ్యలో వేలెడంత గీకేసి, తెగిన రెండు కొసల్లో ఏ కొస నుంచి తడిమట్టి తెచ్చి అతుకు వేస్తాయో చూడాలట. "పుట్ట దిక్కు నుంచే కూలోల్లు వస్తరు" అంది. మన గోడ మీద చూశాను: కింది నుంచి వచ్చాయి. జహేదా ఆంటీ గోడ మీద చూశాను: అక్కడా కింది నుంచే. బయట పూలమడి వైపు గోడ అడుగున చూస్తే దారులన్నీ ఒక్కచోటికే దిగుతున్నాయి. మూడు రోజులు నోటుబుక్కులో రాసుకున్నాను. ఆమె ఇంటి నుంచి మన ఇంటికి రాలేదు బాపూ. రెండిళ్లకూ పూలమడి నుంచే వచ్చాయి. పూలమడి అసోసియేషన్‌ది!

ప్రతాప్ సార్‌కు బుక్కు చూపించాను. ఆయన చెడ్డవారు కాదు, ఓపిగ్గా చూశారు. "తవ్వి చూపిస్తే అసోసియేషనే భరిస్తుంది. పుట్ట లేకపోతే నోటీసు నోటీసే" అన్నారు. తవ్వమని అడగబోతున్నాను.

నీ బిడ్డ
నయన

———

అలియాబాద్
1 జూలై

నయనకు,

చిట్టి అందింది. తవ్వుడు గివ్వుడు వద్దు.

నా మాట ఇను. మందుకు ఎంతైతదో నేను పంపుత. మన తలుపు నేను వచ్చి మార్పిస్త. నీ సదువు నువ్వు సదువుకో. అసోసియేషనోల్ల నడుమ, జహేదమ్మ నడుమ నీకేం పని. ఆమెను మిషిన్లు ఇంకోకాడ పెట్టుకోమను. ఎవలిది వాల్లు చూసుకుంటరు.

పునాది పక్కకు తవ్వితె గోడ కుంగుతది. నేను బోరు పని జేసినోన్ని, నాకెర్క. ప్రతాప్ సారుకు గూడ గిదే జెప్పు.

బంతి నారు సగం ఎండింది.

బాపు

———

మేడ్చల్,
4 జూలై 2025

బాపూ,

నీ చిట్టి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇది నువ్వు రాసిందేనా అనుకున్నాను.

"ఎవలిది వాల్లు చూసుకుంటరు" అని ఏ నోటితో అన్నావు? నాకు డిగ్రీ పరీక్షలప్పుడు జ్వరం వస్తే హాల్‌టికెట్టు పట్టుకుని నాతో ఆటోలో వచ్చింది జహేదా ఆంటీ. అమ్మ చనిపోయిన ఏడాది అవ్వకూ నాకూ అన్నం పంపింది ఆమె. ఆమె మన కులం కాదనా, మన మతం కాదనా? మరి మన్నాన్ చిచ్చా బండి ఒక్కరోజు రాకపోతే నీ బీరకాయలు పందిరి మీదే ముదిరిపోతాయి కదా, అప్పుడు ఎవరిది వాళ్లు చూసుకుంటారా? నువ్వు ఇట్లాంటివాడివి కాదు. నాకు తెలిసిన బాపు కాదు.

గోడ కుంగుతుందన్నావు. ఇంజనీరింగ్ చదివే పై ఫ్లాటు అన్వేష్‌ను అడిగాను. పూలమడి రెండడుగులు తవ్వితే పునాదికి ఏమీ కాదట, నవ్వాడు. నీకు అది తెలియకుండా ఉండదు. తెలిసి తెలిసి ఎందుకు రాశావో నాకు తెలియడం లేదు.

నిన్న కమిటీ కూర్చుంది. జూలై 20 ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు అందరి ముందు తవ్వాలని తీర్మానించారు. ఇదంతా మనం దున్నుకున్న చెలకలో లేచిన బిల్డింగే కదా, ఆ నేల సంగతి మన ఇంటివాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదని నేనే గట్టిగా చెప్పాను. ఆ మాటకే వాళ్లు ఒప్పుకున్నారు.

మందుకు నువ్వు ఏమీ పంపొద్దు.

నయన

———

అలియాబాద్
8 జూలై

నయనకు,

కులం మతం అని రాసినవ్. నీకు అక్షరాలు వచ్చినయని నన్ను గింత మాట అంటవా. మన్నాన్ నా పక్కకు కూసున్నడు, చిట్టిల ఏముందని అడిగిండు. ఏం జెప్పాలె వానికి. బీరకాయ రేటు అడిగింది అని జెప్పిన.

నాకు సమజ్ అయింది. "ఆ నేల సంగతి మన ఇంటోల్లకు తెలిసినంత ఎవలకు తెల్వది" అని ఊకెనే రాయలే నువ్వు. నీకు ఎర్కైంది. ఎవలు జెప్పిండ్రో నాకు తెల్వది గని ఎర్కైంది. ముఖం మీద అడగకుంట సాటుకు దెప్పుతున్నవ్. అందరి ముందల తవ్వుతమని తారీకు పెట్టి మరీ రాస్తున్నవ్.

నీ ఇష్టం. అవ్వకు మాత్రం జెప్పకు. చేతులు జోడిస్తున్న.

అంజయ్య

———

మేడ్చల్,
10 జూలై 2025

బాపూ,

మన్నాన్ చిచ్చా బజార్లో పది నిమిషాలు ఆగుతానన్నాడు, అందుకని గబగబా రాస్తున్నాను.

నాకు ఏమి ఎర్కైంది? ఎవరు చెప్పారు? నేను దెప్పలేదు. మన చెలక కనుక మనకు తెలుస్తుంది అని మామూలుగా అన్న మాట అది. దాని కింద నేను ఏమీ దాచలేదు. నువ్వు ఏదో దాచావని ఇప్పుడే తెలిసింది, అదీ నీ చిట్టి వల్లే.

అవ్వకు చెప్పొద్దంటున్నావు, ఏది చెప్పొద్దో నాకే తెలియదు. పూలమడి కింద ఏముంది? బంగారమైతే ఆరేళ్లు కౌలు పొలంలో ఎందుకు కష్టపడతావు? రాత్రంతా అదే ఆలోచన. ఏదో తప్పు చేసి ఉంటావని భయం వేస్తోంది. కానీ భయం కన్నా తెలుసుకోవాలనే ఎక్కువగా ఉంది, నా గుణమే అంత.

కులం, మతం అన్నది తప్పు. కారణం తెలియక చేతికి దొరికిన కారణం రాశాను. దరఖాస్తులో చేసిన పనే నీ దగ్గరా చేశాను. మన్నించు.

ఏముందో రాయి.

నీ బిడ్డ
నయన

———

అలియాబాద్
13 జూలై

నయన బిడ్డకు,

నాగలి ఉంది. మీ తాత నాగలి, కాడి.

నువ్వు చిన్నగున్నప్పుడు పాత ఇంట్ల దూలానికి కట్టి ఉండె, యాదికుందా? ఎడ్లు అమ్మినంక గూడ తాత దాన్ని దించనియ్యలే. అపార్టుమెంటుకు భూమి ఇచ్చినప్పుడు ఇల్లు కూలగొట్టిండ్రు. నాగలి బయట పడ్డది. ఇంజనీరును అడిగిన, ఏడ పెట్టాలె సారూ అని. నవ్విండు. "ఆ కట్టెల కుప్పల ఎయ్యి, లేబరోల్లు వంటకు కాల్చుకుంటరు" అన్నడు.

మన ఇండ్లల్ల నాగలి కట్టెను పొయ్యిల పెట్టరు బిడ్డా. అమ్మరు గూడ. అరిగిపోయినంక దున్నిన మన్నులనే ఒక మూలకు పెడ్తరు. మీ తాత వాల్ల నాయిన నాగలి గూడ గట్లనే పెట్టిండట. పగటీలి లేబరోల్లు అన్నం తినబోయినప్పుడు పడమటి మూలకు గుంతల పెట్టి కప్పేసిన. మన్నుల మన్ను అయితది అనుకున్న. సెదలకు విందు పెట్టినట్టు అయితదని మతిలకే రాలే. పొలంల అయితె ఎవలకేం నష్టం లేదు. ఇంటి గోడ పక్కకు పెడ్తున్న అని అప్పుడు అనుకోలే. నా కండ్లకు అది ఇంక చెలకనే.

అవ్వకు అబద్ధం జెప్పిన. రావల్కోల్ మా మామకు ఇచ్చిన అన్న. భూమి ఇచ్చినందుకే ఆమె నెల రోజులు సరిగ అన్నం తినలే. ఆమె కడుపుల నాగలిని గూడ బొంద పెట్టిన అని ఎట్ల జెప్తును. ఆరేండ్లాయె. గిప్పుడు అందరి ముందల బయట పడితె ఆమె ముఖం ఎట్ల చూడాలె. ప్రతాప్ సారు లొల్లి జేసినా పడుత. అవ్వ ముందల మాత్రం నిలవడలేను.

నువ్వే ఆలోచన జెయ్యి. తవ్వుడు ఆపగలుగుతవా?

బాపు

———

మేడ్చల్,
16 జూలై 2025

బాపూ,

నీ చిట్టి చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. అవ్వ "ఏమైందే" అంటే కంట్లో ఉసిలి పురుగు పడిందన్నాను. ఉసుళ్ల కాలం పోయి నెల దాటింది. ఆమె నా వైపు అనుమానంగా చూసింది.

ఆలోచన చేయమన్నావు, చేశాను. నేను తవ్వడం ఆపమని అడిగితే ఆపుతారు. ఎవరికీ తవ్వాలని లేదు, నేను వెంటపడితేనే ఒప్పుకున్నారు. అప్పుడు నాగలి అక్కడే ఉంటుంది. బోర్డు మీది కాగితం కూడా అక్కడే ఉంటుంది. ఆగస్టు ఒకటో తారీకున జహేదా ఆంటీ మిషన్లు ఎత్తుకుని పోతుంది. నా రాతతో ఆమె మీద వేసిన తప్పు మనదని తెలిసీ నేను ఆమె ఎదుట మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉండాలి. అది నా వల్ల కాదు. నువ్వు నన్ను చదివించింది దానికి కాదు.

అట్లాగని నీ తరఫున నేను చెప్పను. అది నీ నాగలి, నీ మాట. ఆదివారం వరకు అవ్వకు గానీ, ప్రతాప్ సార్‌కు గానీ ఒక్క ముక్క చెప్పను. తవ్వుతారు, అది బయట పడుతుంది. అప్పుడు "ఇదెవరిది?" అని అడుగుతారు. నువ్వు లేకపోతే నేను చెప్పాల్సి వస్తుంది. నువ్వు ఉంటే నువ్వు చెప్పొచ్చు. రెంటికీ చాలా తేడా ఉంది.

శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు ఏడున్నరకు బస్సు ఉంది. తొమ్మిదికల్లా దిగుతావు.

రా బాపూ.

నయన

———

మేడ్చల్,
22 జూలై 2025

బాపూ,

ఆదివారం నువ్వు అన్నీ చూశావు. కానీ ఏమీ వినలేదు. పైగా అన్నం కూడా తినకుండా, నేను చేయి కడుక్కుని వచ్చేలోపల బస్సెక్కి పోయావు. అందుకని ఎవరు ఏమన్నారో వరసగా రాస్తున్నాను. నిదానంగా చదువు.

గడ్డపార తీసుకుని నువ్వే గుంతలోకి దిగినప్పుడు ప్రతాప్ సార్, "ఈయన ఎవరు?" అన్నారు. ఫస్ట్ ఫ్లోర్ ఇషిత మేడమ్, "001 ఓనర్ అంజయ్య గారు, ఈ స్థలం వాళ్లదే" అంది.

నాగలి కనిపించినప్పుడు అందరూ ముందుకు వంగారు. అది నాగలిలాగే ఉంది కదా, మేడి, కాడి, అన్నీ కనిపించాయి. నువ్వు చేయి వేయగానే చెక్కంతా మట్టిలా జారిపోయి ఇనుప కర్రు ఒక్కటి మిగిలింది. తెల్లటి చెదలు గుట్టలు గుట్టలుగా కదులుతుంటే ఎవరో పిల్ల "అయ్యో, పాపం" అంది. ఎవరి మీద పాపమో తెలియదు.

"ఇదెవరిదండీ?" అని ప్రతాప్ సార్ అడిగారు. నీకు వినిపించలేదు. కానీ ఆయన పెదవులు చూశావో ఏమో, నువ్వే చెప్పావు. మామూలుగా చెప్పాననుకుంటున్నావేమో, ఐదో అంతస్తు దాకా వినిపించింది. "నేనే పెట్టిన సారూ. అప్పటికి గిదంత నా చెలకనే. మీరెవ్వరు లేరు. జహేదమ్మది ఏం తప్పు లేదు."

ఆ తరువాత గంటసేపు వాదన జరిగింది, నువ్వు గట్టు మీద కూర్చుని చూసింది అదే. సెకండ్ ఫ్లోర్ ఆయన, "మట్టి కామన్ ఏరియా. కానీ మట్టిలో ఉన్న వస్తువు ఓనర్‌ది" అన్నారు. ఇషిత మేడమ్, "పెట్టినప్పుడు అసోసియేషనే లేదు, కామన్ ఏరియా ఎక్కడిది?" అంది. నియమావళి నా చేతికిచ్చి వెతకమన్నారు. పునాదిలో నాగలి ఉంటే ఎవరిది బాధ్యత అని ముప్పై ఎనిమిది పేజీల్లో లేదని చెప్పాను. అసోసియేషన్ పిలిపించిన చెదల మందు ఆయన మధ్యలో, "సార్, నాగలి ఒక్కటే కాదు. పునాది వేసేటప్పుడు మట్టికి మందు కొట్టలేదు. నాగలి లేకపోయినా ఇంకో రెండేళ్లకు వచ్చేవి, ఇది ఉంది కాబట్టి జల్దీ వచ్చినయ్" అన్నాడు. అంటే తప్పు పూర్తిగా నీది కాదు, పూర్తిగా నీది కాకుండానూ లేదు. నాకైతే ఆ సగం సగం లెక్క నిజమనిపించింది.

చివరికి తేలింది ఇది. నేలకు, పూలమడికి, రెండిళ్ల గోడలకు మందు అసోసియేషన్ కొట్టిస్తుంది. మన తలుపు మనం మార్చుకోవాలి. జహేదా ఆంటీ టేబుల్ నువ్వు చేయించి ఇవ్వాలని ప్రతాప్ సార్ అన్నారు. అప్పుడు ఆంటీ లేచింది.

"అంజన్న టేబుల్ నాకు వద్దు సాబ్. నా టేబుల్‌కు నాలుగు కాల్లు నేనే ఏయించుకుంట. నా నోటీసు ఏడ అంటించిండ్రో గాడనే ఇంకో కాగితం అంటించుండ్రి. గా పిల్లతోనే రాపియ్యుండ్రి, ముద్దుగ రాస్తది."

రాశాను. చెదలకు 002 కారణం కాదని, నోటీసు రద్దని, మొదటి దరఖాస్తులో దారి దిక్కు తెలుసుకోకుండా రాసింది నేనేనని. ప్రతాప్ సార్ ఆ ఆఖరి వాక్యం తీసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆయనే సంతకం చేసి, ఆయనే గుండుసూదులు గుచ్చారు.

ఇక అవ్వ.

ఆమె కట్టె పట్టుకుని గుంత దగ్గరికి వచ్చి నీ భుజం మీద రెండు దెబ్బలు వేసింది. అరిచింది. నువ్వు తల దించుకున్నావు. ఆమె శాపం పెట్టిందనుకుని నువ్వు వెళ్లిపోయావని నాకు తెలుసు. ఆమె అన్నది అక్షరం అక్షరం రాస్తున్నాను:

"సన్నాసీ! గీడ పెట్టినవారా! మన మన్నులనే పెట్టినవా! నేనేమొ అమ్ముకున్నవనుకుంటి గదరా ఆరేండ్ల సంది!"

ఆమె ఇంటికి వచ్చాక మొత్తం చెప్పింది. బిల్డింగు లేచిన ఏడాదే రావల్కోల్‌లో పెళ్లికి పోయినప్పుడు, "మా నాగలి ఏదిరా" అని వాళ్ల తమ్ముణ్ణి అడిగిందట. ఆయన "ఏ నాగలక్కా?" అన్నాడట. ఆ రోజు నుంచి నువ్వు దాన్ని ఏ రిసార్టువాళ్లకో అమ్మేశావని ఆమె నమ్మకం. శామీర్‌పేట రోడ్డున వాళ్లు పాత బండి చక్రాలు, నాగళ్లు గోడలకు తగిలిస్తారు కదా. పోయిన ఏడాది జింకల పార్కుకు పోదామని నన్ను వెంట తీసుకుపోయింది, గుర్తుందా? పార్కులోకి రానే లేదు. రోడ్డు వెంట ప్రతి రిసార్టు గేటు దగ్గర ఆగి గోడల వైపు చూసింది. కాళ్లు నొస్తున్నాయేమో అనుకున్నాను నేను.

"బాపును ఎందుకు అడగలేదే?" అన్నాను.

"అడిగితె వాడు తల దించుకుంటడు. వాడు తల దించుకునుడు నేను చూడలేను" అంది. తరువాత "పొద్దున దించుకున్నడు గదా. నేను కొట్టింది ఎందుకో వానికి వినవడ్డదా?" అని అడిగింది.

వినపడలేదు అన్నాను. రాస్తానన్నాను.

నీ బిడ్డ
నయన

———

అలియాబాద్
24 జూలై

నయన బిడ్డకు,

చిట్టి మన్నాన్ నా చేతికే ఇచ్చిండు. బీర పందిరి కింద నిలవడి సదివిన. ఒక్కకాడ ఆగి, మల్ల మొదటికెల్లి సదివిన.

ఐతారం వస్త. టేబుల్ వద్దన్నా జహేదమ్మకు పలకలు తెస్తున్న, ఏప కట్టె, సెద ముట్టదు.

అవ్వకు జెప్పు. నా కుడి చెవి మొత్తం వోయింది గని ఎడమ చెవిల ఇంక జెర ఉంది. వచ్చినంక గా దిక్కు కూసొమ్మను. గా మాట ఇంకోసారి తిట్టమను.

బాపు